నాలుగేళ్ల పాపకు ఈతలో చేతి బ్యాండ్లు తీసేయమంటున్నాడు కోచ్, నాకేమో భయం

సి క్యాంప్ అమ్మ, కర్నూలు

అందరికీ నమస్తే. మాది కర్నూలు, సి క్యాంపు. ఇద్దరు పిల్లలు, బాబుకు ఏడేళ్లు, పాపకు మొన్న ఉగాదికి నాలుగు నిండినాయి. ఈ ఎండలకు ఇంట్లో పెట్టుకోలేక ఇద్దరినీ సమ్మర్ బ్యాచ్‌లో ఈతకు చేర్పించినాము, పొద్దున ఆరున్నర బ్యాచ్. ఎండ ఒక్కటే కాదు కారణం, 2009 అక్టోబరులో తుంగభద్ర ఊర్లోకి వచ్చినప్పుడు నేను తొమ్మిదో తరగతి, పాతబస్తీలో మా ఇల్లు మునిగిపోతే పక్కింటి మిద్దె మీద ఒక రాత్రంతా కూర్చున్నాము, ఇంట్లో ఒక్కరికీ ఈత రాదు. ఆరోజే అనుకున్నా, రేపు నాకు పిల్లలు పుడితే ముందు ఈత నేర్పించాలని.

బాబు బాగానే నేర్చుకుంటున్నాడు. నా బాధంతా పాపతోనే. దానికి ఆన్‌లైన్‌లో మూడు కొన్నా. చేతులకు వేసే గాలి బ్యాండ్లు ఒక జత, నడుముకు వేసే బాతు బొమ్మ ట్యూబు, ఇంకోటి చొక్కా మాదిరి తొడిగేది. ఆ చొక్కా మీద లైఫ్ జాకెట్ అని పెద్ద అక్షరాలు ఉన్నాయి కానీ లోపల ఏదో పల్చటి స్పాంజి ముక్క, ఎంత బరువు పిల్లలకు పనికొస్తాదో ఎక్కడా రాయలేదు. బ్యాండ్లు వేస్తే పాప నీళ్లలో నిలబడినట్టు తేలతా కాళ్లు ఆడించుకుంటా నవ్వుతాది, నాకూ నిమ్మళంగా ఉంటాది. అట్లాంటిది కోచ్ సార్ మూడో రోజే "అమ్మా రేపటినుంచి ఇవి తేవద్దు, వీటితో పాపకు ఈత రాదు, పైగా ప్రమాదం" అన్నాడు. తీసేసిన రోజు పాప నా మెడ వదల్లేదు, గంటసేపు ఏడుపే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. పోయిన నెల చుట్టాలతో ఒక రిసార్టుకు పోయినాము, పాప బాతు ట్యూబులో కూర్చొని ఉంది, పక్కన పెద్దపిల్లలు ఎవరో దూకినారు, అల తగిలి ట్యూబు బోర్లా పడింది. తల కిందికి, కాళ్లు పైకి. ట్యూబు నడుముకు బిగిసి ఉండటంతో పాప తనకు తాను తిరగలేకపోయింది. మా ఆయన పక్కనే ఉన్నాడు కాబట్టి ఒక్క ఉదుటున ఎత్తేసినాడు. మూడు నాలుగు సెకన్లే, కానీ నాకు ఇప్పటికీ కళ్లు మూస్తే ఆ కాళ్లే కనపడతాయి.

మా అత్తమ్మ మాట వేరే. కోడుమూరు దగ్గర ఊర్లో మా బావి ఉంది, సొరకాయ బుర్ర కట్టి దింపితే వారంలో వచ్చేస్తాది, మీ ఆయన అట్లనే నేర్చుకున్నాడు, ఈ బెలూన్లు ఎందుకు అంటాది. ఎవరి మాట వినాలో తెలియట్లేదు. బ్యాండ్లు నిజంగానే తీసేయాలా? నిజమైన లైఫ్ జాకెట్ ఎట్లా గుర్తుపట్టాలి? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.

నంద్యాల నాన్న

అక్కా, ముందు ఆ బాతు ట్యూబు పిల్లలకు కనపడకుండా తీసి పడేయండి. బ్యాండ్ల గురించి మాకు జరిగింది చెప్తా. మావాడికి అప్పుడు అయిదేళ్లు, బ్యాండ్లు వేసుకొని నీళ్లలోకి దూకినాడు, దూకేటప్పుడు పిల్లలు చేతులు పైకి ఎత్తుతారు గదా, నీళ్ల తోపుకు రెండు బ్యాండ్లూ జారి మోచేతులు దాటి ఊడొచ్చేసినాయి, బ్యాండ్లు పైన తేలతున్నాయి, పిల్లోడు కింద ఉన్నాడు. సన్‌స్క్రీన్ రాసింటే ఇంకా తొందరగా జారతాయి. గాలి మూత కూడా చూసుకోండి, మావి ఒకటి రోజూ అరగంటకే సగం మెత్తబడేది, నేను ఊదుతా ఉండేవాణ్ణి, దాన్ని నమ్మి పిల్లోణ్ణి నీళ్లలో వదిలినాను అంటే ఇప్పుడు తలుచుకుంటే గుండె ఝల్లుమంటాది.

ఇంకోటి, వీళ్లకు ఈత వచ్చేసిందని వీళ్లకు అనిపిస్తాది. బ్యాండ్లు తీసేసి బట్టలు మార్చడానికి టవల్ తెస్తుంటే మావాడు మళ్లీ పరిగెత్తిపోయి దూకబోయినాడు. తేలేది తను కాదు, ఆ గాలి అని వాడికి ఎట్లా తెలుస్తాది. కోచ్ చెప్పింది వినండి.

ఈత నేర్పే అన్న, కర్నూలు

అమ్మా, నేను పదకొండేళ్లుగా పిల్లలకు ఈత నేర్పిస్తున్నా, ఎక్కడ అన్నది వద్దులెండి. మీ కోచ్ చెప్పింది సరైనదే, కానీ ఎందుకో విడమరిచి చెప్పుంటే మీకు ఇంత భయం ఉండేది కాదు.

చేతి బ్యాండ్లు పిల్లల్ని చంకల కింద పట్టుకొని ఎత్తినట్టు ఉంచుతాయి, అంటే ఒళ్లు నిటారుగా, కాళ్లు కిందికి. పాప సైకిల్ తొక్కినట్టు కాళ్లు ఆడిస్తాది. ఈతకు ఒళ్లు నీళ్ల మీద చాప పరిచినట్టు అడ్డంగా ఉండాలి. నిటారుగా ఉండటం అలవాటైన పిల్లలు బ్యాండ్లు లేకుండా నీళ్లలో పడితే అదే భంగిమలో నిలువునా కిందికి పోతారు. నేను మూడు నెలలు బ్యాండ్లతో ఆడి వచ్చిన పిల్లల్ని చూసినా, అసలు నీళ్లే చూడని పిల్లలకంటే వాళ్లకు నేర్పడం కష్టం, ముందు ఆ అలవాటు మాన్పించాలి.

అట్లని తేలించే వస్తువులన్నీ చెడ్డవి కావు. చేత్తో పట్టుకునే కిక్ బోర్డు, చంకల కింద పెట్టుకునే పొడుగాటి నూడుల్, వీపుకు కట్టే ఫోమ్ ముక్కలు, ఇవి నేర్పడానికి పనికొస్తాయి. వీపు ఫోమ్‌లో మూడు నాలుగు పొరలుంటాయి, పిల్ల కుదురుకునే కొద్దీ ఒక్కో పొర తీసేస్తా పోతాము. గాలి నింపేది కాదు కాబట్టి చిల్లు పడే భయం లేదు. అయినా నేను ఒక గంట క్లాసులో పది పదిహేను నిమిషాలకు మించి కట్టను, మిగతా టైం ఏమీ లేకుండానే.

మీ పాప వయసుకు వరస ఇట్లా పెట్టుకోండి. ముందు నీళ్లలో మూతి పెట్టి బుడగలు ఊదడం, తర్వాత గట్టు పట్టుకొని పీత మాదిరి పక్కకు జరగడం. ఆ తర్వాత వెల్లకిలా తేలడం, ఇది అన్నిటికంటే ముఖ్యం, పాప తల మీ భుజం మీద, మీ చెయ్యి నడుము కింద, చెవుల్లోకి నీళ్లు పోయినప్పుడు ఏడుస్తారు, నాలుగు రోజులకు మానేస్తారు. ఆఖరికి గట్టు మీదనుంచి దూకి, నీళ్లలోనే వెనక్కి తిరిగి, మళ్లీ గట్టు పట్టుకోవడం. పొరపాటున నీళ్లలో పడిన పిల్లను కాపాడేది బోర్లా వేగంగా ఈదే ఫ్రీస్టైల్ కాదు, ఈ వెల్లకిలా తేలడమూ వెనక్కి తిరిగి గట్టు అందుకోవడమూ. మా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు ఎన్ని ల్యాపులు కొడతాడు అని అడుగుతారు, గట్టు అందుకుంటాడా అని ఒక్కరూ అడగరు.

జాకెట్ సంగతి. లోపల లేబుల్ చూడండి. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 12402 అని ఉండి, పక్కన 50, 100, 150 అని న్యూటన్లలో రాసుంటాది, ఏ బరువు వాళ్లకో కిలోల్లో ఉంటాది. పది న్యూటన్లంటే సుమారు ఒక కిలో బరువును పైకి లేపే బలం. 50ది ఈత వచ్చినవాళ్లకు, పక్కనే మనుషులు ఉన్నప్పుడు, అది స్పృహ తప్పిన మనిషి మొహాన్ని పైకి తిప్పదు. 100, అంతకంటే పైవి వెల్లకిలా తిప్పి మొహం నీళ్ల పైన ఉంచేట్టు తయారు చేసినవి, బోటు ఎక్కేటప్పుడు చిన్నపిల్లలకు అవే కావాలి. ఇక యూరప్ ప్రమాణం ఈఎన్ 13138 అని ఉంటే అది ఈత నేర్చుకునేటప్పుడు వాడే సాధనం, లైఫ్ జాకెట్ కాదు. గాలి బొమ్మల మీద ఐఎస్‌ఐ గుర్తు చూసి మోసపోవద్దు, 2021 జనవరి నుంచి బొమ్మలకు అది తప్పనిసరి చేసినారు, అది బొమ్మగా బాగుందని చెప్పే గుర్తు, నీళ్లలో ప్రాణం నిలబెడుతుందని కాదు. మీ దగ్గరున్న దాని మీద ఏ నంబరూ బరువూ లేదంటే అది ఉత్త చొక్కానే.

సైజు ఎట్లా చూడాలంటే, తొడిగి అన్ని పట్టీలు బిగించి రెండు భుజాల దగ్గర పట్టుకొని పైకి లాగండి. గడ్డం దాటి చెవుల దాకా లేస్తే అది పెద్దది, నీళ్లలో పిల్ల కిందికి జారిపోతాది, జాకెట్టు పైన ఉంటాది. తొడల మధ్యనుంచి వచ్చే పట్టీ లేని జాకెట్టు చిన్నపిల్లలకు కొనొద్దు. పెరుగుతారులే అని రెండు సైజులు పెద్దది కొనడం బట్టలకు బాగుంటాది, దీనికి కాదు.

ఏ వస్తువు కట్టినా సరే మీ చెయ్యి పాపకు అందేంత దూరంలోనే ఉండాలి. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్లు కూడా ఏడాది దాటినాక ఈత పాఠాలు మొదలుపెట్టొచ్చు, నాలుగేళ్లకు దాదాపు అందరు పిల్లలూ సిద్ధమవుతారు అంటూనే, చిన్నపిల్లలు నీళ్లలో ఉన్నంతసేపు పెద్దవాళ్లు చెయ్యి చాస్తే అందేటట్టు ఉండాలంటారు.

సి క్యాంప్ అమ్మ, కర్నూలు

అన్నా చాలా థాంక్స్, ఇంత ఓపిగ్గా ఎవరూ చెప్పలేదు. ఇప్పుడే లేబుల్ చూసినా, మీరన్న నంబర్లేవీ లేవు, సైజు దగ్గర ఎం అని మాత్రం ఉంది. భుజాలు పట్టి లాగితే నేరుగా ముక్కు దాకా వచ్చేసింది. మా చెల్లెలికి నాలుగు నెలల బాబు, వాడికి మెడ చుట్టూ వేసే గాలి ట్యూబు ఒకటి తెచ్చింది, అది పర్వాలేదా?

ఈత నేర్పే అన్న, కర్నూలు

వద్దమ్మా, ఈరోజే ఫోన్ చేసి చెప్పండి. మెడ ట్యూబుల గురించి మందులు, వైద్య పరికరాలను చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2022లోనే హెచ్చరించింది, ఒక పసిబిడ్డ చనిపోయిన తర్వాత. గాలి తగ్గితే మూతి నీళ్లలోకి పోతాది, బిగిస్తే మెడ మీద ఒత్తిడి. నాలుగు నెలల బిడ్డకు ఈత ఎందుకు, చేతుల్లో పెట్టుకొని స్నానం చేయించండి చాలు.

పెన్న ఒడ్డు తాత, తాడిపత్రి

తల్లీ, మీ అత్తమ్మ చెప్పేది అబద్ధం కాదు. మేమందరం బావుల్లోనే నేర్చుకున్నోళ్లం. నాకిప్పుడు అరవై ఎనిమిది. ఎద్దులతో నీళ్లు తోడే మా కపిల బావికి రాతి మెట్లుండేవి, ఎండాకాలం సెలవులు ఇస్తానే మా మామ మమ్మల్ని వరసగా నిలబెట్టి వీపుకు రెండు సొరకాయ బుర్రలు కట్టేటోడు. ఆ బుర్రలు ముందే ముదరబెట్టి ఎండబెట్టి ఉంచేవాళ్లు, కదిలిస్తే లోపల గింజలు గలగలమనాల. కట్టే ముందు మా మామ ప్రతి బుర్రను నీళ్లలోకి అదిమి చూసేటోడు, ఎక్కడైనా బుడగ వస్తే పగులు ఉందని అర్థం, అవతల పడేసేటోడు. కొందరు బెండ్లు కట్టేటోళ్లు.

ఈ అబ్బాయి రాసిన వీపు ఫోమ్ సంగతి చదువుతుంటే అదే అనిపించింది నాకు. బుర్రలు వీపున కడితే మనిషి నీళ్ల మీద బోర్లా పడుకున్నట్టు ఉంటాడు, నిటారుగా నిలబడడు. వారం అయినాక రెండిట్లో ఒకటి తీసేటోడు. ఇంకో నాలుగు రోజులకు చిన్న బుర్ర. ఆ తర్వాత బుర్ర లేదు, నడుముకు తాడు మాత్రమే, ఇంకో కొన మామ చేతిలో. అసలు సంగతి ఆ తాడులో ఉంది తల్లీ. బుర్ర ఉన్నా లేకపోయినా మొదటిరోజు నుంచి ఆఖరి రోజు దాకా తాడు ఆయన చేతిలోనే ఉండేది. బీడీ తాగడానికి కూడా తాడు వదిలేటోడు కాదు, ఎవరైనా పిలిస్తే మమ్మల్నందరినీ మెట్లెక్కించి అప్పుడు పోయేటోడు. ఇప్పుడు జనం బుర్ర గుర్తుపెట్టుకున్నారు, తాడు మర్చిపోయినారు.

ఇంకోటి మీ అత్తమ్మకు నా మాటగా చెప్పు. మమ్మల్ని బావిలోకి దించింది ఏడు ఎనిమిదేళ్లు వచ్చినాక. నాలుగేళ్ల బిడ్డను ఎవరూ దించలేదు. పైగా అప్పుడు బావిలో రోజంతా జనం ఉండేవాళ్లు, కపిల తోలేటోడు, బట్టలు ఉతికేటోళ్లు, పశువులు కాసేటోళ్లు. ఒకడు మునిగితే పదిమంది దూకేటోళ్లు. ఇప్పుడు బోర్లు వచ్చినాక ఆ బావుల దగ్గర మనిషి కనపడడు, మెట్లు కూలిపోయినాయి, కొన్నిట్లో కరెంటు మోటర్ల వైర్లు వేలాడతా ఉంటాయి, లోపల ముళ్లకంప వేసేసింటారు. అడుగు కనపడని నీళ్లలో పసిబిడ్డను దించొద్దు. పాప పెద్దదైనాక, వాళ్ల నాయన తాడు పట్టుకొని, బావి శుభ్రంగా ఉంటే అప్పుడు చూసుకోండి.

కడప సిస్టర్

నేను క్యాజువాలిటీలో నర్సుని. ఇక్కడ అందరూ మంచి మాటలు చెప్పినారు, నేను ఒక రెండు విషయాలు చెప్పాలి, ఎందుకంటే మా దగ్గరికి వచ్చే తల్లులందరూ ఒకే మాట అంటారు, "పక్కనే ఉన్నాము సిస్టర్, ఒక్క అరుపు కూడా వినపడలేదు" అని.

వినపడదు. మునిగే పిల్ల అరవదు. అరవాలంటే ముందు ఊపిరి అందాలి గదా. చేతులు ఊపి పిలవదు కూడా, రెండు చేతులతో నీళ్లను కిందికి నొక్కుతా ఉంటాది, తల వెనక్కి వాలి మూతి నీళ్ల మట్టంలో ఉంటాది, పైకి చూస్తే ఆడుకుంటున్నట్టే ఉంటాది. ఇరవై సెకన్ల నుంచి నిమిషం లోపల అంతా అయిపోతాది, చిన్నపిల్లలైతే ఇరవైకే. ఫోన్లో ఒక మెసేజ్ చదివి జవాబు ఇచ్చేంత టైం. నలుగురు పెద్దవాళ్లు గట్టు మీద ఉన్నప్పుడే ఎక్కువ జరుగుతాది అని నాకు అనిపిస్తాది, ఎవరికి వాళ్లు ఇంకొకరు చూస్తున్నారులే అనుకుంటారు. అందుకని పేరు పెట్టి చెప్పుకోండి, ఈ పావుగంట నువ్వు, తర్వాత నేను అని.

రెండోది, దేవుడి దయ వల్ల ఎవరికీ అవసరం రాకూడదు. నీళ్లలోనుంచి తీసిన పిల్లను కాళ్లు పట్టుకొని తలకిందులుగా తిప్పడం, భుజాన వేసుకొని పరిగెత్తడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం, ఇవి ఊర్లల్లో ఇంకా చేస్తున్నారు. దయచేసి చేయొద్దు. పొట్ట నొక్కితే కడుపులో ఉన్నది ఊపిరితిత్తుల్లోకి పోతాది, పైగా ఉన్న రెండు నిమిషాలూ దానికే పోతాయి. నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఊపిరి లేకపోతే తల కొంచెం వెనక్కి వంచి గడ్డం ఎత్తి, ముక్కు మూసి నోట్లో నోరు పెట్టి ముందు ఊపిరి ఊదాలి, ఛాతీ లేచేటట్టు. నీళ్లలో మునిగిన వాళ్లకు ఊపిరే ముందు, ఆక్సిజన్ లేకనే గుండె ఆగేది. తర్వాత ఛాతీ మధ్యలో చిన్నపిల్లలకు ఒక చేత్తో ముప్పై సార్లు నొక్కాలి, ఛాతీ మందంలో మూడో వంతు దిగేటట్టు, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో, మళ్లీ రెండు ఊపిర్లు. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. పిల్ల తేరుకొని లేచి కూర్చున్నా సరే ఆస్పత్రికి తీసుకురండి, దగ్గు, ఆయాసం, మగత తర్వాత గంటల్లో పెరగొచ్చు. ఇట్లా ఊపిరి ఊది ఛాతీ నొక్కడాన్నే సీపీఆర్ అంటారు, ఒక పూటలో నేర్చుకోవచ్చు, ఇంట్లో ఇద్దరైనా నేర్చుకోండి.

ఒక్క మాట ఇంటి గురించి. మన సీమలో కొళాయి ఎప్పుడొస్తాదో తెలియక ఇంటినిండా నీళ్లు పట్టి పెట్టుకుంటాము, సంపు, తొట్టి, డ్రమ్ములు, బక్కెట్లు. నడక వచ్చిన బిడ్డ బక్కెట్లోకి తల వంచి పడితే తిరిగి లేవలేదు, తల బరువే ఎక్కువ వాళ్లకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2021లో నీళ్లలో మునిగి చనిపోయిన 3 లక్షల మందిలో దాదాపు నాలుగో వంతు అయిదేళ్ల లోపు పిల్లలే. మా వార్డుకు వచ్చిన పసిపిల్లల్లో స్విమ్మింగ్ పూల్ నుంచి వచ్చినవాళ్లు నాకు గుర్తున్నంతవరకు ఒక్కరు, మిగతావాళ్లు సంపులు, తొట్లు, కాలవలు.

చీనీ తోట, అనంతపురం

సిస్టర్ చెప్పింది చదివినాక నేనూ రాయాలనిపించింది. మా తోటలో ఫారం పాండు ఉంది, అంటే నీళ్లు నిలవ పెట్టుకునే గుంత, నల్ల షీటు పరిచింది. దాంట్లో పడితే పెద్దమనిషికి కూడా బయటికి రావడం కష్టం, వాలుగా ఉంటాది, తడిసిన షీటు సబ్బు మాదిరి జారతాది, పట్టుకునేదానికి ఏమీ ఉండదు. ఈత వచ్చినోడు కూడా అలిసిపోయి మునుగుతాడు. మా పక్క ఊర్లో అట్లా జరిగినాక నేను నాలుగు పక్కలా గూటాలు కొట్టి, మూరెడు మూరెడుకు ముడులు వేసిన మోకులు నీళ్ల లోపలిదాకా వదిలినా, రెండు లారీ ట్యూబులు గాలి నింపి తాడు కట్టి గట్టున పెట్టినా, చుట్టూ కంచె వేసినా. మొత్తం అయిన ఖర్చు డ్రిప్పు పైపులు ఒక చుట్ట కొన్నంత కూడా లేదు. ఫారం పాండు ఉన్నోళ్లందరూ ఈ పని ఈ వారమే చేయండన్నా.

కర్నూలోళ్లు కేసీ (కర్నూలు-కడప) కాలవ దగ్గర కూడా జాగ్రత్త. పైకి నిదానంగా కనపడతాది, సిమెంటు గోడల మధ్య లోపల లాగేస్తా ఉంటాది, గోడకు పాచి. పూల్‌లో ఈత వచ్చిన పిల్లోడు కాలవలో ఈదగలడు అనుకోవద్దు. ఎవరైనా కొట్టుకొనిపోతుంటే ఈత రానోళ్లు దూకొద్దు, చీర, పంచె, ఖాళీ బిందె, మూత బిగించిన క్యాను, ఏది దొరికితే అది విసరండి.

సి క్యాంప్ అమ్మ, కర్నూలు

మూడు వారాల తర్వాత రాస్తున్నా. బాతు ట్యూబు, బ్యాండ్లు, ఆ చొక్కా మూడూ కత్తెరతో కోసి పడేసినా, ఎవరికైనా ఇస్తే వాళ్ల పిల్లలకు వేస్తారని. మొదటి వారం పాప రోజూ ఏడ్చింది, నేనూ నీళ్లలోకి దిగినా, నాకూ నడుము లోతు దాటితే భయమే కానీ దిగినా. కోచ్ సార్‌తో కూర్చొని మాట్లాడితే వీపు ఫోమ్ ఆయన దగ్గరే ఉంది, మూడు పొరలతో మొదలుపెట్టి ఇప్పుడు ఒకటి మీద ఉంది. నిన్న పాప నా భుజం మీద తల పెట్టి, నేను నెమ్మదిగా చెయ్యి తీసేసినా కూడా, పదమూడు అంకెలు లెక్కపెట్టేదాకా వెల్లకిలా తేలింది. ఇంట్లో సంపు మూతకు గొళ్లెం వేయించినాము. తాడిపత్రి తాతగారి మాట మా అత్తమ్మకు చదివి వినిపించినా, బావిలో మా మామగారు కూడా తాడు పట్టుకొనే ఉండేవాడు, నిజమే అనింది, పాపకు ఎనిమిదేళ్లు వచ్చేదాకా బావి ఊసు ఎత్తనంది. వచ్చే ఆదివారం నేను, మా ఆయన సీపీఆర్ నేర్చుకోవడానికి పోతున్నాము.

ఒక్కటి అడగాలి. పాప స్విమ్ సూట్ లేత నీలం రంగుది, మునిగినప్పుడు నాకు సరిగా కనపడట్లేదు అనిపిస్తోంది, ఇది నా భ్రమా?

ఈత నేర్పే అన్న, కర్నూలు

భ్రమ కాదమ్మా, నీలం, తెలుపు రంగులు పూల్ నీళ్లలో కలిసిపోతాయి. మెరిసే నారింజ గానీ, గాఢమైన పింక్ గానీ తీసుకోండి, టోపీ కూడా అదే రంగు. వెల్లకిలా పదమూడు అంకెలంటే బాగా కుదిరినట్టే, ఇప్పుడు గట్టు మీదనుంచి దూకి వెనక్కి తిరగడం మొదలుపెట్టమనండి, మొదటి పదిసార్లూ మీరు నీళ్లలోనే ఉండండి.